సెకనుకు ఏడు అలలు

బుధవారం ఉదయం తొమ్మిదీ నలభైకి తెగల్ వాంగి వాడ మంటపంలో, కదెక్ తన బాబాయి లాత్ర చేసిన కొత్త కంచు వాద్యమేళం గమెలాన్‌లో రెండు జంటల పలకలు కొట్టించింది. తొమ్మిదీ యాభై ఐదుకు వాడ పెద్ద ఆ వాద్యాలన్నిటినీ వెనక్కి తీసుకుపొమ్మన్నాడు. వాటిలో తప్పుందని కదెక్‌కు పన్నెండు రోజుల ముందే తెలుసు.

ఆ బుధవారం ఇంట్లో అందరూ ఐదున్నరకే లేచారు. కదెక్ తల్లి చరెమ్ కొబ్బరాకు దొన్నెల్లో పూలు సర్ది కొలిమి దగ్గర ఒకటి, పొయ్యి మీద ఒకటి, గేటు దగ్గర ఒకటి పెట్టింది. అరుగు మీద కాఫీ గ్లాసులు ఉన్నాయి. ఆ ఆవరణలో ఉండేవి రెండు కంచరి కుటుంబాలు. ఉత్తరం వైపు ఇల్లు అన్న సుకర్తది, దక్షిణం వైపుది తమ్ముడు లాత్రది. మధ్యలో కొలిమి. సుకర్త కొడుకు ఓడలో వంటవాడు, ఏడాదికోసారి వస్తాడు. కూతురు కదెక్‌కు ఇరవై ఆరేళ్ళు. దెన్‌పసార్‌లో ఒక మాల్‌లో ఆటల కేంద్రంలో డోలు ఆట మెషిన్ల దగ్గర పని.

లాత్ర భార్య రస్మిన్ నడుముకు పసుపు గుడ్డ బిగించుకుంటూ అరుగు దగ్గరికొచ్చింది.

"ఏమ్మా, సెలవు పెట్టొచ్చావా? ఇవాళ నీ డోలు డబ్బాల్ని ఎవరు చూసుకుంటారు?"

"అవి ఎక్కడికీ పారిపోవు పిన్నీ. బాబాయి గమెలాన్ విందామని వచ్చాను."

"వినాలంటే నీకు తెర ఉండాలిగా. చుక్కలు జారుకుంటూ రావాలి, నువ్వు కొట్టాలి."

లాత్ర కాఫీ తాగుతూ నవ్వాడు. "రానీవే. నైవేద్యం బుట్ట మోయడానికి ఒక మనిషి కావాలిగా."

కదెక్ తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, నువ్వూ రా."

"నేనెందుకు?"

"నాకోసం."

"అన్నయ్యని ఎండలో తిప్పడం దేనికి?" అన్నాడు లాత్ర.

సుకర్త రెండేళ్ళుగా ఏ మంటపం గడపా తొక్కలేదు. తమ్ముడి మాట విని గ్లాసు కింద పెట్టాడు. లోపలికి వెళ్ళి తలగుడ్డ కట్టుకుని వచ్చాడు. కదెక్ బుట్టలో అరటిపండ్ల కింద, గుడ్డలో చుట్టిన రెండు కర్రలు ఉన్నాయి. బుట్ట ఆమె ఎవరి చేతికీ ఇవ్వలేదు.

రెండేళ్ళ కిందట జరిగింది ఇది. గమెలాన్‌లో ప్రతి పలకకూ ఒక జంట ఉంటుంది. స్వరం ఒకటే, కానీ ఒక పలక వెంట్రుకవాసి కింద, దాని జంట వెంట్రుకవాసి పైన. రెంటినీ కలిపి కొడితే శబ్దం వణుకుతుంది. ఆ వణుకును కంచర్లు అల అంటారు. అల లేని గమెలాన్‌ను చచ్చిందంటారు. సుకర్త పెట్టే అల సెకనుకు ఏడు. లావు పలకల్లో ఏడే, మధ్య పలకల్లో ఏడే, అన్నిటికన్నా సన్నగా పలికే పై పలకల్లోనూ ఏడే. ఆయన తండ్రి అలా నేర్పాడు.

ఆ ఏడాది పసెకాన్ అనే వాడకు చేసిన గమెలాన్‌ను మొదటిసారి వాయించినప్పుడు, మంటపంలో ముసలివాళ్ళు ముఖాలు చిట్లించారు. "పైన ఉడుకుతోంది, కింద నిద్రపోతోంది" అన్నారు. శ్రుతి పెట్టేది సుకర్తేనని అందరికీ తెలుసు. సుకర్త ఏదో అనబోయేలోగా లాత్ర లేచి రెండు చేతులూ జోడించాడు. "క్షమించండి. అన్నయ్య చెవి మునుపటిలా లేదు. కింది పలకల్ని నెమ్మదిగా వదిలేశాడు."

ఇంటికి వచ్చాక సుకర్త తన ఆకురాయిని నూనె గుడ్డలో చుట్టి కొలిమి గూట్లో పెట్టేశాడు. పసెకాన్ వాళ్ళు వేరే ఊరి కంచరిని పిలిపించుకుని సరిచేయించుకున్నారు.

ఆ రోజు కదెక్ కూడా మంటపంలోనే ఉంది. "కిందవి నిద్రపోవట్లేదమ్మా, పైవే పరిగెడుతున్నాయి" అని ఇంటికొచ్చాక తల్లితో అంది. రస్మిన్ విని, "ముప్పై ఏళ్ళ నుంచి వాయించేవాళ్ళకు తెలియంది ఈ ఆటబొమ్మకు తెలిసింది" అని వాడంతా చెప్పింది. సుకర్త కూతుర్ని ఊరుకోమన్నాడు.

కదెక్ చెవి కొలిమి దగ్గర తయారైంది కాదు. పదమూడేళ్ళప్పటి నుంచి ఆమె డోలు ఆట ఆడింది. తెర మీద చుక్క గీత దగ్గరికి వచ్చిన క్షణానే కర్ర పడాలి, కన్ను మూసి తెరిచే వ్యవధిలో పదో వంతు అటూ ఇటూ అయితే మార్కు పోతుంది. పద్నాలుగేళ్ళప్పుడు సుకర్త ఆమె కర్రలు లాక్కుని కొలిమిలో వేశాడు. "తెర చూసి కొట్టేది సంగీతం కాదు. అక్కడ పనిచేసేది కన్ను, చెవి కాదు" అన్నాడు. కదెక్ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ తర్వాత కళ్ళు మూసుకుని ఆడటం నేర్చుకుంది. ఇప్పుడు ఆటల కేంద్రంలో ఆమె పనే అది. ఏ మెషిన్లో శబ్దం బొమ్మకన్నా వెనకబడిందో విని సరిచేస్తుంది.

లాత్ర ఒంటరిగా చేసిన మొదటి పూర్తి గమెలాన్ తెగల్ వాంగి వాళ్ళది. పన్నెండు రోజుల ముందు, శుక్రవారం సాయంత్రం నాలుగింటికి, కదెక్ అతనికి కాఫీ తీసుకుని కొలిమిలోకి వెళ్ళింది. ఫోన్‌ను సుత్తికి ఆనించి నిలబెట్టి, అతను పై పలకల్ని ఆకురాయితో గీకుతున్నాడు. ఫోన్ తెర మీద శ్రుతి చూపించే ముల్లు కదులుతోంది. మధ్య పలకల జంటకు ముల్లు ఎంత ఎడం చూపిస్తే పై పలకల జంటకూ అంతే ఎడం పెడుతున్నాడు. ముల్లు లెక్కకు అది సరిపోతుంది. చెవి లెక్కకు సరిపోదు. స్వరం ఒక స్థాయి పైకి వెళ్తే అదే ఎడం రెట్టింపు వేగంతో వణుకుతుంది.

లాత్ర జంట పలకలు కొట్టాడు. సెకనుకు పద్నాలుగు. పసెకాన్ మంటపంలో ఆమె విన్నది ఆ పద్నాలుగే. కాఫీ పళ్ళెం పట్టుకుని ఆమె అక్కడే నిలబడిపోయింది. పసెకాన్ పై పలకలు నాన్న పెట్టినవి కావని ఆమెకు అప్పుడు తెలిసింది.

"ఎలా ఉందే?" అని అడిగాడు లాత్ర, తలెత్తకుండానే.

"బాగుంది బాబాయ్" అంది కదెక్.

కాఫీ పెట్టేసి వచ్చింది. కొలిమిలో కనిపించిన తప్పు కొలిమిలోనే చెప్పాలనేది ఆ కులంలో కట్టుబాటు. కొలిమి గడప దాటాక ఒక కంచరి పనిని ఇంకో కంచరి ఎంచడు. అది ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ వారమే మాల్‌లో మేనేజర్‌ను అడిగి బుధవారానికి సెలవు రాయించుకుంది.

తెగల్ వాంగి మంటపంలో వాయిద్యగాళ్ళు ఇరవై ఐదు మంది కూర్చున్నారు. ఎనిమిది నిమిషాలు వాయించారు. ఆపాక మద్దెల ముందు కూర్చున్న ముసలాయన చెవి రుద్దుకున్నాడు.

"కింద నిద్ర. పైన ఉడుకు" అన్నాడు.

"కొత్త కంచు కదండీ" అన్నాడు లాత్ర. "ఏడాది వాయిస్తే కుదురుకుంటుంది."

కొత్త కంచు కుదురుకుంటుందన్నది నిజమే. కొందరు తలూపారు. వాడ పెద్ద నర్క కూడా తలూపబోయాడు. అప్పుడు లాత్ర ఇంకొక్క మాట చేర్చాడు. "దీంట్లో మా అన్నయ్య చెయ్యి పడలేదు. ఆ భయమేం పెట్టుకోకండి."

సుకర్త మూడో స్తంభం దగ్గర కూర్చుని ఉన్నాడు. తన మోకాళ్ళ వైపు చూసుకున్నాడు.

కదెక్ లేచింది. "శ్రుతి ఎవరు పెట్టారు బాబాయ్?"

"నేనే."

"కిందవీ, మధ్యవీ, పైవీ?"

"అన్నీ నేనే. ఎందుకూ?"

"ఏం లేదు. అందరూ విన్నారుగా."

నర్క ఆమెను పైనుంచి కిందికి చూశాడు. "ఈ అమ్మాయి ఎవరు?"

"అన్నయ్య కూతురండి" అన్నాడు లాత్ర. "మాల్‌లో డోలు ఆట మెషిన్ల దగ్గర పనిచేస్తుంది. ఎర్ర చుక్కొస్తే మధ్యలో కొట్టాలి, నీలం చుక్కొస్తే అంచు మీద కొట్టాలి. పెద్ద విద్య."

వెనక వరసలో నవ్వారు. నర్క కూడా నవ్వాడు. "మా మనవడూ ఆడతాడు. రోజూ వాళ్ళమ్మ చేత తిట్లు తింటాడు."

"ఆడనివ్వండి పెద్దయ్యా" అంది కదెక్. బుట్టలోంచి గుడ్డ తీసి కర్రలు బయటపెట్టింది. మద్దెల ముసలాయనతో, "తాతా, మధ్య పలకల్లో ఏదో ఒక జంట మీరే కొట్టండి. నేను అటు తిరిగి కూర్చుంటాను" అంది.

ఆయన కొట్టాడు. ఆమె వీపు తిప్పి, వాద్యం కొయ్య పెట్టె మీద రెండు కర్రలతో దరువు ఎత్తుకుంది. కుడి, ఎడమ, కుడి, ఎడమ. రెండు మూడు క్షణాల్లో దరువు పలకల అలతో ఒకటైపోయింది. కర్ర పడిన ప్రతిసారీ శబ్దం ఉబ్బింది.

"ఇది ఏడు" అంది. "ఇప్పుడు పై పలకలు కొట్టండి. నా దరువు మారదు. మీరే వినండి."

ముసలాయన పై జంట కొట్టాడు. దరువు అదే. ఒక్కో దెబ్బ కింద రెండేసి వణుకులు వినిపించాయి. వెనక వరసలో ఒకడు తన మోకాలి మీద వేలితో లెక్కపెట్టి పక్కవాడి వైపు చూశాడు. ఒకసారి చూపించాక అది వినపడకుండా ఉండటం ఎవరి వల్లా కాలేదు.

"పద్నాలుగు" అంది కదెక్. "ఏడాది కాదు, వందేళ్ళు వాయించినా పద్నాలుగు ఏడు కాదు."

"ఫోను తప్పు చూపించదు" అన్నాడు లాత్ర.

"ఫోనా?" అన్నాడు ముసలాయన.

కదెక్ ఇప్పుడు లాత్ర వైపు తిరిగింది. పన్నెండు రోజులుగా లోపల కూడబెట్టిన మాటలు అవి. గొంతు పెంచకుండానే అంది.

"పసెకాన్‌లో కూడా పైవి నువ్వే పెట్టావు. ఇదే పద్నాలుగు. పైవి పరిగెత్తబట్టి కిందవి నిద్రపోతున్నట్టు వినపడ్డాయి. నువ్వు లేచి నాన్న చెవి పోయిందన్నావు. ఇప్పుడు కూడా లేచి చెప్పు బాబాయ్. ఎవరి చెవి పోయింది?"

లాత్ర భార్య వైపు చూశాడు, ఆమె తల తిప్పుకుంది.

"నా చేతికి ఆకురాయి ఎవరిచ్చారో మీ నాన్నని అడుగు" అన్నాడు.

"నేనే ఇచ్చాను" అన్నాడు సుకర్త.

అందరూ మూడో స్తంభం వైపు తిరిగారు. ఆయన లేచి వచ్చి పై పలకల ముందు కూర్చున్నాడు. కొలిమిలో శ్రుతి చూసేటప్పుడు కూర్చున్నట్టే తల వంచి కళ్ళు మూసుకున్నాడు.

"కొట్టమ్మా."

కదెక్ కొయ్యసుత్తి తీసుకుని జంట పలకలు కొట్టింది. వాయించేటప్పుడు కుడిచేత్తో కొట్టి, ఎడంచేత్తో పలకను పట్టి మోత ఆపుతారు. సుకర్త తల వంచుకునే ఉన్నాడు.

"ఎందుకు పట్టేశావు? వదిలెయ్యి, మోగనీ."

కదెక్ ఎడంచెయ్యి ఆమె మోకాలి మీద ఉంది. పలకలు ఇంకా మోగుతున్నాయి. కొయ్య తగిలిన చప్పుడు తప్ప ఆయనకు ఏమీ వినపడలేదని ఇరవై ఐదు మందికీ తెలిసింది. సుకర్త కళ్ళు తెరిచి కూతురి చెయ్యి ఎక్కడుందో చూశాడు. తలగుడ్డ సర్దుకుని లేచి మెట్ల వైపు వెళ్ళాడు.

నర్క గొంతు సవరించుకున్నాడు. "వాద్యాల శుద్ధి ముహూర్తానికి ఇంకా ఇరవై ఒక్క రోజులుంది. తీసుకెళ్ళి సరిచేసి తీసుకురండి. ఎవరు సరిచేస్తారో మీ ఇంట్లో తేల్చుకోండి."

లారీలో పలకలు ఎక్కించేటప్పుడు లాత్ర, కదెక్ ఒకరి పక్కన ఒకరు నిలబడి పెట్టెలు అందించుకున్నారు. దారిలో ఆమె తను గెలిచానా అని చూసుకుంది. అనుకున్నదంతా అనుకున్నట్టే జరిగింది. బాబాయి నలుగురిలో తలదించుకున్నాడు. ముందు సీట్లో తండ్రి తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఇంటికి చేరాక రస్మిన్ గేటు వేసి మరీ మొదలుపెట్టింది.

"ఆ శుక్రవారం కాఫీ ఇవ్వడానికి వెళ్ళి గడప మీద కర్రలా నిలబడ్డావు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. నీకప్పుడే తెలుసు కదే?"

"తెలుసు."

"తెలిసి కూడా అంతమందిలో మా పరువు తీశావు."

"మా నాన్న పరువు ఎంతమందిలో తీశారు పిన్నీ? నువ్వు వాడవాడకూ మోశావు కదా, లెక్క నీకే తెలియాలి."

"నిన్ను అడిగాను" అన్నాడు లాత్ర. అతను కొలిమి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "ఎలా ఉందే అని అడిగాను. బాగుంది బాబాయ్ అన్నావు. నిన్ను నా చేతుల మీద ఆడించాను కదెక్. నాకు అబద్ధం చెప్పావు."

చరెమ్ వంటింటి గుమ్మంలో నిలబడి భర్త వైపు చూసింది.

"నువ్వన్నా చెప్పవేంటి? నీకు వినపడదని నాకు కూడా చెప్పలేదే" అంది.

సుకర్త అరుగు అంచున కూర్చున్నాడు. "ఆరేళ్ళయింది. మొదట చిమ్మటల మోత పోయింది. తర్వాత నువ్వు పూజకు కొట్టే చిన్న గంట పోయింది. తర్వాత పై పలకలు. నలభై ఏళ్ళు సుత్తి పక్కన కూర్చున్న చెవి ఇంకేమవుతుంది? శ్రుతి పెట్టేవాడికి వినపడదంటే కొలిమికి ఎవరొస్తారు? అందుకే పైవి తమ్ముడి చేతిలో పెట్టాను. ఎవరికీ చెప్పొద్దన్నాను."

"మరి కిందవి నువ్వు తప్పు పెట్టావని అన్నప్పుడు ఎందుకూరుకున్నావు నాన్నా?"

"తప్పు పెట్టాననే అనుకున్నాను. పైవి పోయినవాడికి కిందవి మాత్రం నిలుస్తాయని ఏం నమ్మకం?"

కదెక్ బాబాయి వైపు తిరిగింది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి కానీ మాటలో లేవు. "నీకు తెలుసు కదా. కిందవి సరిగా ఉన్నాయని నీకు తెలుసు."

"ఆ రోజు తెలియదు" అన్నాడు లాత్ర. "తర్వాత తెలిసింది. పైవి ఎందుకు పరిగెత్తాయో మాత్రం ఇవాళ్టిదాకా తెలియదు. ఎవరికీ చెప్పలేదు. ముందు భయం. తర్వాత... జనం నన్ను చూసి పెద్ద కంచరి అన్నారు. చిన్నప్పటి నుంచి ఎవరూ అనని మాట అది."

"నువ్వు రెండేళ్ళు దాచావు" అన్నాడు సుకర్త. కూతురి వైపు చూశాడు. "నువ్వు పన్నెండు రోజులు దాచావు. నేను ఆరేళ్ళు దాచాను. కొలిమి గడప లోపల చెప్పుకోవాల్సినవే, మూడూ." లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

మూడు రోజులు ఆ ఆవరణలో సుత్తి మోగలేదు. రెండు పొయ్యిలూ వేరువేరుగా వెలిగాయి. నాలుగో రోజు ఉదయం లాత్ర ఉత్తరం ఇంటి మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కదెక్ మాల్‌కు వెళ్ళడానికి చెప్పులు వేసుకుంటోంది.

"పై పలకలు నువ్వు సరిచేస్తావా?"

"చేస్తాను. ముందు పసెకాన్ మంటపానికి వెళ్ళి, అక్కడ అన్న మాట అక్కడే వెనక్కి తీసుకో."

"ఇంకా చాల్లేదా నీకు?"

"చాల్లేదు బాబాయ్."

అతను వెళ్ళి గేటు తీశాడు. "బండి తియ్యి" అన్నాడు.

పసెకాన్ మంటపానికి పదకొండు కిలోమీటర్లు. అక్కడ వాయిద్యగాళ్ళు గుడి గొడుగులకు రంగులు వేస్తున్నారు. కదెక్ బండి ఆపి మెట్ల కిందే నిలబడింది. లాత్ర పైకెక్కి చేతులు జోడించాడు. రెండేళ్ళ కిందట జోడించినట్టే.

"అప్పుడు మీకు చేసిన గమెలాన్‌లో కిందవీ మధ్యవీ అన్నయ్య పెట్టినవి. వాటిలో తప్పు లేదు. పైవి నేను పెట్టాను. తప్పు వాటిది. అన్నయ్య మీద వేశాను."

అక్కడి పెద్ద చేతిలోని కుంచె కింద పెట్టాడు. ఆయనకు డెబ్భై దాటి ఉంటాయి.

"మాకు తెలుసు నాయనా."

లాత్రకు అర్థం కాలేదు.

"సరిచేయడానికి వచ్చిన కంచరి పై పలకలే గీకాడు. కిందవాటి మీద ఆకురాయి పెట్టలేదు. ఎందుకయ్యా అని మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. ఒక కంచరి పనిని ఇంకో కంచరి ఎంచడుగా. గీకిన పొడి ఏ పలకల కింద రాలిందో మేం చూశాం."

"మరి మా అన్నయ్యతో ఒక్కరైనా..."

"మీ ఇంట్లో తెలుసనుకున్నాం."

కదెక్ మెట్ల కింద ఆ మాట విన్నది. ఊళ్ళో నాన్న పేరు పోలేదు. పోయింది ఒక్క ఇంట్లోనే, ఒక్క మనిషి దగ్గరే. దాన్ని తిరిగి తెచ్చి ఇవ్వడానికి మంటపం అక్కర్లేదు. ఆ శుక్రవారం కాఫీ పళ్ళెం పట్టుకుని కొలిమిలోంచి బయటికొచ్చి ఉత్తరం అరుగు దాకా నడిస్తే సరిపోయేది. ఇరవై అడుగులు.

లాత్ర దిగి వచ్చేసరికి ఆమె బండి హ్యాండిల్ మీద తల ఆనించి ఏడుస్తోంది. అతను పక్కన నిలబడ్డాడు.

"తాళాలు ఇటివ్వు. నేను నడుపుతా" అన్నాడు.

"బాబాయ్."

"ఊఁ."

"బాగుందని అబద్ధం చెప్పాను. తప్పు నాది."

"అది కొలిమిలో చెప్పు" అన్నాడు లాత్ర. "ఇక్కడ కాదు. గడప దాటొచ్చాం."

ఆ సాయంత్రం కొలిమిలో ఇద్దరూ సుకర్త ముందు కూర్చున్నారు. లాత్ర పసెకాన్‌లో విన్నది విన్నట్టు చెప్పాడు. గీకిన పొడి గురించి రెండుసార్లు చెప్పాడు, అన్నకు వినపడలేదేమోనని. సుకర్త రెండుసార్లూ విన్నాడు. తర్వాత కదెక్ తను చెప్పాల్సింది చెప్పింది. రస్మిన్ గుమ్మం దగ్గరికి వచ్చి నాలుగు గ్లాసుల కాఫీ పెట్టి, "ఆడపిల్ల ఆకురాయి పట్టుకోవడం మా తాతల కాలంలో లేదు" అంది.

"మీ తాతల కాలంలో ఫోను కూడా లేదు" అంది చరెమ్, వెనక నుంచి.

సుకర్త గూట్లోంచి నూనె గుడ్డ తీసి విప్పాడు.

"ఆ కర్రలు తెచ్చావా?" అని కూతుర్ని అడిగాడు.

"తెచ్చాను. మళ్ళీ కొలిమిలో వేస్తావా?"

"మంట ఆర్పే ఉంది. తియ్యి."

కిందవీ మధ్యవీ సుకర్త చూశాడు. ఆయనకు అవి వినపడుతున్నాయి. పై పలకల దగ్గర లాత్ర పలకను కదలకుండా పట్టుకున్నాడు, కదెక్ గీకింది. గీకిన ప్రతిసారీ జంట కొట్టి, పెట్టె మీద దరువు వేసి చూసుకుంది. సుకర్త ఆమె కర్రల వైపు చూస్తూ కూర్చున్నాడు. సాయంత్రాలూ సెలవు రోజులూ కలిపి పదమూడు రోజులు పట్టింది.

శుద్ధి ముహూర్తానికి నాలుగు రోజుల ముందు, శనివారం ఉదయం పదకొండూ ఇరవైకి చివరి పై జంట పూర్తయింది. కదెక్ కొట్టింది. సుకర్త తల వంచి కళ్ళు మూసుకున్నాడు. కొయ్య తగిలిన చప్పుడు విన్నాడు.

"ఎంత?" అని అడిగాడు.

"ఏడు."

శ్రుతి పెట్టినవాళ్ళు పలక అడుగున మేకుతో తమ గుర్తు గీస్తారు. సుకర్త ఆ పలకను తిప్పి తన గుర్తు గీయలేదు. మేకు కూతురి చేతికిచ్చాడు. ఆమె గుర్తు గీసేదాకా లాత్ర పలకను పట్టుకున్నాడు.